ఎనిమిదీ నలభై బస్సు

పెద్దాసుపత్రి, ఎముకల వార్డు, కిటికీ పక్క మంచం
జూన్ 9

అక్కా,

నేనిక్కడ క్షేమం అని మొదలుపెట్టడం మనకి అలవాటు. ఈసారి కుదరదు. ఈ కోడిగీతలు చూసి ఎవరో ఒకటో తరగతి పిల్లాడు రాశాడనుకోకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి మోచేతి కింద రెండుచోట్ల విరిగింది. లోపల ఇనుప బద్ద పెట్టి మరలు బిగించారు. ఫోన్ చేద్దామంటే నీ ఫోన్ ఎప్పుడూ బావే ఎత్తి, అక్క పనిలో ఉందని పెట్టేస్తున్నాడు. ఊరి పోస్టాఫీసు నీ చేతిలోనే ఉంది కాబట్టి సంచిలో వచ్చే ఉత్తరం నీకంటే ముందు ఇంకెవరూ చూడలేరు. అందుకే ఈ తిప్పలు.

గురువారం జరిగినదాన్ని ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతుంటారు. నేను చెప్పేది విను.

ఎనిమిదీ నలభైకి మన ఊళ్ళో బస్సు తీశాను. వెనక పద్నాలుగు మంది ఉన్నారు. కల్వర్టు దాటాక మలుపులో మూడు కార్లు రోడ్డుకి అడ్డంగా పెట్టి ఉన్నాయి. రోజూ నాకంటే అయిదు నిమిషాలు ముందు బయలుదేరి దారిలో ఉన్న జనాన్నంతా ఊడ్చుకుపోతాయే, ఆ షేర్ కార్లే. నంబరు పలకలకి మట్టి పూశారు. ఆరుగురు దిగారు. అందరి ముఖాలకీ తువ్వాళ్ళు.

ముందు అద్దం పగిలింది. గాజుముక్కలు ఒళ్ళోకి, చొక్కాలోకి, నోట్లోకి కూడా వచ్చాయి. తలుపు తీసి కాళ్ళు పట్టుకుని లాగారు. నేను స్టీరింగుని పట్టుకుని వేలాడాను. వదలకపోయేసరికి ఒకడు జాకీ రాడ్డుతో చేతి మీద కొట్టాడు. రెండో దెబ్బకి ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. కిందపడ్డాక కడుపులో తన్నారు. తన్నే వంతు కోసం తోసుకున్నారంటే నమ్ముతావా. బస్సులోంచి ఒక పెద్దాయన దిగి చేతులు జోడిస్తే ఆయన్ని చెంపమీద కొట్టి కళ్ళజోడు తొక్కేశారు. ఇంకొకడు టైర్లన్నీ తాపీగా కోసుకుంటూ తిరిగాడు.

మా కండక్టరు విజిలమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆవిడ విజిల్ వేస్తే పక్క ఊరికి వినిపిస్తుందని ఆ పేరు పెట్టాం. నన్ను రాడ్డుతో కొట్టినవాడి మీదికి దూకి టికెట్ మిషను మూలతో నుదుటి మీద ఒక్కటిచ్చింది. సరిగ్గా ఎడమ కనుబొమ్మ పైన. నెత్తురు వాడి తువ్వాలంతా తడిపేసింది. కుట్లు పడకుండా మానే దెబ్బ కాదని ఆవిడ ఒట్టేసి చెబుతోంది.

నీ కిటికీ దగ్గరికి ఊరంతా వస్తుంది. ఎవడి కనుబొమ్మ పైన కుట్లు ఉన్నాయో చూసి రాయి. పోలీసులకి ఆ ఒక్క ముక్క చాలు. కొట్టినవాళ్ళు దొరికేదాకా మన ఊరికి బస్సు పంపేది లేదని డిపో అధికారి తేల్చి చెప్పేశాడు. మరి మీ అత్తయ్యగారు మంగళవారం, శుక్రవారం డయాలసిస్‌కి ఎలా వస్తారు? ఆవిడకి ఒక్క వంతు తప్పితే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు. పడుకున్నా నాకు అదే దిగులు.

తమ్ముడు


ఊరి పోస్టాఫీసు
జూన్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం ముద్రలు కొట్టే బల్ల మీదే పెట్టుకుని చదివాను. ఎవరైనా చూస్తే పని చేస్తున్నాననుకోవాలని మధ్యమధ్య ఖాళీ కాగితం మీద ముద్ర కొడుతూ చదివాను. నీ చెయ్యి విరగ్గొట్టినవాడి చెయ్యి పడిపోను. ఇంకా చాలా తిట్టాను, కాగితం మీద పెట్టేవి కావు.

నువ్వడిగిన గుర్తు కోసం చూస్తూనే ఉన్నాను. కుట్లు ఉన్నవాళ్ళు నాకు కనబడలేదు. పొరుగూరివాళ్ళేమో. మీ బావ కూడా కనుక్కుంటానన్నారు. ఆయనకి ఈ మధ్య ఎండకి తలపోటు వస్తోందట, ఇంట్లో కూడా తలకి తువ్వాలు చుట్టుకునే తిరుగుతున్నారు.

బస్సు లేకపోతే ఊరు ఎలా ఉందో అడుగు, చెబుతాను. కార్లవాళ్ళు పండగ చేసుకుంటున్నారు. వాళ్ళకి పెద్ద ఉన్నాడు కదా, లైన్ మేస్త్రి, ఎవరి కారు తరవాత ఎవరి కారు కదలాలో చెప్పేవాడు. పోస్టాఫీసు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఎక్కించుకుంటే ఎక్కించుకున్నట్టు, లేకపోతే లేదు. నిన్న ఒక గర్భిణీని రెండు సీట్లు పట్టేలా ఉన్నావని దింపేశారు. అందరూ నవ్వారు. నేనూ కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను.

అత్తయ్యకి ఇంకో కష్టం వచ్చింది. నీకు తెలియదు. సూదులు గుచ్చడానికి ఆవిడ ఎడమచేతిలో ఆపరేషన్ చేసి నరాలు కలిపారు గుర్తుందా, చెవి దగ్గర పెట్టుకుంటే గుర్రుమంటుందని నీకు కూడా వినిపించింది. అది ఆగిపోయింది. మొన్న రెండో తారీఖు సోమవారం ఆసుపత్రి మెట్ల మీద జారి ఆ చేతి మీదే పడిందట. ఆ వారం మిషను బాగుచేస్తారని మంగళవారం వంతుని ముందురోజుకి మార్చారులే. ఇప్పుడు మెడలో గొట్టం వేశారు, దాంతోనే డయాలసిస్ చేస్తున్నారు. చీము పట్టకుండా చూసుకోమన్నారు.

నువ్వు బస్సులో డ్రైవరు వెనక సీటు ఆవిడకే ఉంచేవాడివి. ఇప్పుడు మెడలో గొట్టంతో మీ బావ కారులో ఎనిమిది మంది మధ్య ఇరుక్కుని వెళ్తోంది. ఆవిడ నోరు మాత్రం మారలేదు. "నా కొడుకు బండిలో నేనూ సామానూ ఒకటే. కాకపోతే సామాను వెనకాల హాయిగా పడుకుంటుంది" అంది.

డిపోవాళ్ళని బతిమాలి ఎలాగైనా బస్సు వేయించు. కొట్టినవాళ్ళ సంగతి తరవాత చూసుకోవచ్చు.

అక్క


పెద్దాసుపత్రి, అదే మంచం
జూన్ 20

అక్కా,

తరవాత చూసుకోవచ్చా? నా చేతిలో మరలు బిగించి ఉన్నాయి, గ్లాసు ఎత్తలేకపోతున్నాను, నువ్వు తరవాత అంటున్నావు. ఈ చెయ్యి మళ్ళీ స్టీరింగు తిప్పుతుందో లేదో డాక్టరు నీళ్ళు నములుతున్నాడు. ఇరవై ఏళ్ళు బస్సు తోలినవాడిని డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారేమో.

డిపో అధికారిని బతిమాలాను. ఒకటే మాట. నేరస్తుల పేర్లు ఇవ్వండి, మర్నాడే బస్సు ఇస్తాను అంటాడు. పైగా ఎప్పటినుంచో ఈ రూటు ఎత్తేయాలని చూస్తున్నవాడు. పేరు రాకపోతే అతనికి ఇంకా నయం.

ఇక్కడ మావాళ్ళు ఆగేలా లేరు. సోమవారం మా డ్రైవర్లు ఇద్దరు టౌన్‌లో కార్ల స్టాండుకి వెళ్ళి మన ఊరి కారువాణ్ణి ఒకణ్ణి డోరు మధ్య పెట్టి కొట్టారు. డోరు తీయడం, ముఖం మీద వేయడం. ముందు పళ్ళు నాలుగు రాలాయట. ఒకటి తెచ్చి నా మంచం పక్క బల్ల మీద పెట్టారు. చెప్పొద్దూ, చూసి సంతోషించాను. మర్నాటిదాకా తీసెయ్యనివ్వలేదు.

ఊళ్ళో నుదురు పగిలినవాడు పదిహేను రోజులుగా నీ కళ్ళపడలేదంటే నమ్మమంటావా? నీ కిటికీ ముందునుంచి కోడి దాటినా నీకు తెలుస్తుంది. ఎవరికి భయపడుతున్నావు? ఒక్క పేరు రాయి చాలు.

ఇంకో మాట. ఆ సోమవారం, రెండో తారీఖు, అత్తయ్యగారు ఆసుపత్రికి దేంట్లో వచ్చారు? ఊరికే అడుగుతున్నాను.

తమ్ముడు


పోస్టాఫీసు, తలుపు గడియ పెట్టుకుని
జూలై 1

ఒరేయ్,

నీకు అబద్ధం రాశాను. కుట్లు మీ బావ నుదుటి మీదే ఉన్నాయి. ఆ గురువారం ఇంటికి వచ్చి కారు డిక్కీ తలుపు తగిలిందన్నారు. నీ ఉత్తరం వచ్చేదాకా నమ్మాను. వచ్చాక కూడా ఆ నుదురు చూస్తూ భోజనం వడ్డించాను, ఆ కుట్లకి మందు రాశాను. కాపురం మీద మమకారంతో అనుకోకు. ఆయన్ని పట్టిస్తే కారు పోతుంది. బస్సు ఎలాగూ లేదు. అత్తయ్య దేంట్లో వెళ్తుంది? పట్టించకపోతే బస్సు రాదు, ఆ కారులో ఆవిడ ఎన్నాళ్ళు బతుకుతుంది? ఎటు తిప్పి ఆలోచించినా ఆవిడ మెడలో గొట్టం దగ్గరికే వచ్చి ఆగేదాన్ని.

శుక్రవారం ఆ కారు ఆధారం కూడా తెగిపోయింది. ఇప్పుడు బస్సు లేదు కదా, కార్లవాళ్ళకి పోటీ వాళ్ళలో వాళ్ళకే. మీ బావ అత్తయ్యని ఎక్కించుకుని కదలబోతే లైన్ మేస్త్రి వచ్చి వంతు నీది కాదని తాళంచెవి లాగేశాడు. లోపల మా అమ్మ ఉందని ఈయన. వంతంటే వంతేనని వాడు. అంతే, ఈయన వాడి జుట్టు పట్టుకుని బానెట్ మీద మూడుసార్లు కొట్టారు. వాడి మనుషులు గొలుసులతో వచ్చారు. ఈయన మనుషులు రాడ్లతో వచ్చారు. నిన్ను కలిసి కొట్టినవాళ్ళే ఒకళ్ళనొకళ్ళు కొట్టుకున్నారు. ఒకడి చెవి సగం ఊడి వేలాడింది. ఇంకొకడి వేళ్ళు కారు తలుపులో పెట్టి నొక్కారు, ఆ కేక ఇంకా నా చెవిలో ఉంది. ఒక కారుని బోర్లా తోసి నిప్పు పెట్టారు. పొద్దున్న పదింటికి, బడి పిల్లలు గోడ మీదనుంచి చూస్తుండగా.

వెనక అద్దం పగిలి అత్తయ్య జుట్టునిండా గాజుపెంకులు పడ్డాయి. ఆవిడ మెడ కదపకుండా, గొట్టాన్ని రెండు చేతులతో కప్పుకుని అలాగే కూర్చుంది. నేనే వెళ్ళి బయటికి లాగాను. ఎవడి గొలుసో నా వీపు మీద పడింది. ఆ రోజు డయాలసిస్ తప్పింది. ఆదివారానికి ముఖం ఉబ్బింది, కాళ్ళు నొక్కితే గుంట పడుతున్నాయి. మళ్ళీ ఇవాళ ఎలాగో తీసుకెళ్ళారు.

ఆ ఆదివారమే మీ బావని కడిగేశాను. నా తమ్ముడి చెయ్యి విరగ్గొట్టింది మీరేనని నాకు తెలుసు, ఆరు సీట్ల కోసం ఇంత రాక్షసత్వమా అన్నాను. ఆయన తువ్వాలు తీసి విసిరేశారు. "ఆరు సీట్ల కోసం కాదు. ఆ సోమవారం కల్వర్టు దగ్గర ఏం చేశాడో నీ తమ్ముణ్ణి అడుగు. మా అమ్మ ఏ మెట్ల మీదా జారలేదు" అన్నారు.

అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. నేను వదల్లేదు. చివరికి తనే చెప్పింది. ఆ రోజు ఎనిమిదీ ముప్ఫై అయిదుకి స్టేజీ దగ్గరికి వెళ్తే బస్సు అప్పటికే వెళ్ళిపోయిందట. ఎన్నడూ లేదు అలా. మీ బావ వచ్చి ఆవిణ్ణి కారు వెనకసీట్లో పడుకోబెట్టి, ఇంకెవరినీ ఎక్కించుకోకుండా, నీ బస్సుని అందుకుని అందులో ఎక్కిద్దామని తోలారట. కల్వర్టు దగ్గర పక్కకి వచ్చి హారన్ కొడుతుంటే నీ బస్సు మీదికి వచ్చి తోసేసిందట. కారు గోతిలో పడింది. ఆవిడ సీట్ల మధ్య ఆ చేతి మీద పడింది. బస్సు ఆగలేదట.

కారు గోతిలో పడిందని నాకు తెలుసురా. గేదె అడ్డం వచ్చిందని చెప్పారు. నీ ఉద్యోగం పోతుందని, నేను తల ఎత్తుకోలేనని, నాకు చెప్పొద్దని కొడుకు చేత ఒట్టు వేయించుకుంది ఆవిడ. ఆయన ఒట్టు నిలబెట్టుకుని నిన్ను కొట్టడానికి మనుషుల్ని పోగేశారు. వాళ్ళెవరెవరో కూడా ఆ రోజే బయటపెట్టారు. కార్లవాళ్ళకి కావలసిందీ అదే.

నువ్వు ఊరికే అడిగావా ఆ ప్రశ్న? తోశావా లేదా? అవునో కాదో రాయి.

అక్క


పెద్దాసుపత్రి, అదే మంచం
జూలై 6

అక్కా,

అవును.

నీ రెండో ఉత్తరంలో సోమవారం అని చదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది. బావ కారులో కాదని రాస్తావేమోనని ఆ ప్రశ్న అడిగాను.

ఎందుకు చేశావని అడుగుతావు. మే నెలాఖరుకి డిపో అధికారి నన్ను పిలిచి, నీ బస్సులో జనం లేరు, ఇంకో నెల చూసి తీసేస్తాను అన్నాడు. జనం ఎక్కడ ఉంటారు? నాకంటే అయిదు నిమిషాలు ముందు బావా వాళ్ళూ ఊడ్చేస్తుంటే. నేనే పది నిమిషాలు ముందు వెళ్తే తిక్క కుదురుతుందనుకున్నాను. ఎనిమిదిన్నరకి తీశాను. ఎవరికీ చెప్పలేదు. విజిలమ్మ వద్దంది, వినలేదు. మంగళవారం కాదు కదా, అత్తయ్యగారు రారు అనుకున్నాను.

మొదటి స్టేజీలో ఒక్క మనిషి లేడు. రెండో దాంట్లో లేడు. మూడో దాంట్లో కుక్క ఉంది. ఎలా ఉంటారు? ఎనిమిదీ నలభై బస్సుకి జనం ఎనిమిదీ నలభైకే వస్తారు. ఇరవై ఏళ్ళు తోలినవాడికి ఆ మాత్రం తట్టలేదు. కార్లు కూడా దొంగిలించలేని బస్సు వేళని ఆ రోజు నేనే దొంగిలించాను. ఖాళీ సీట్లు దడదడలాడుతుంటే కోపం నెత్తికెక్కింది. అప్పుడు వెనకనుంచి బావ కారు, హారన్ మీద హారన్. నన్ను ఎగతాళి చేయడానికే వస్తున్నాడనుకున్నాను.

పక్కకి వచ్చాక స్టీరింగు తిప్పాను. ఎంతో కాదు, బెత్తెడు. రేకు రేకుకి రాసుకున్న చప్పుడు వచ్చింది. అద్దంలో చూస్తే గోతిలోంచి ఒక చక్రం పైకి లేచి తిరుగుతోంది. విజిలమ్మ ఊపిరి ఆగిపోయేదాకా విజిల్ వేసింది. నేను ఆపలేదు.

లోపల బావ ఒక్కడే ఉన్నాడనుకున్నాను. ఒక్కడే అయితే ఫరవాలేదా అంటావు. ఆ క్షణంలో నాకు ఫరవాలేదనే అనిపించింది. చచ్చినా ఫరవాలేదనిపించింది. అది కూడా రాస్తున్నాను, ఇక నీ దగ్గర దాచేది ఏమీ లేదు. నన్ను కొట్టింది బావ అని కూడా నాకు తెలుసు. ముఖానికి గుడ్డ కట్టుకుంటే నడక మారుతుందా? ఆ పేరు నా నోటినుంచి రాకుండా నీ నోటినుంచి రావాలని కుట్లు వెతకమన్నాను. నా సంగతి బయటపడకుండా బావ ఒక్కడూ పోవాలని.

ఇది విజిలమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ ఏమీ చూడలేదనే చెబుతుంది. బావ కూడా కారుకి పర్మిట్ లేదు కాబట్టి నోరు ఎత్తలేడు. బావ పేరు చెప్పాలో వద్దో నీ ఇష్టం, నేను ఒత్తిడి చేయను. ఈ కాగితం మాత్రం చదివి పొయ్యిలో పెట్టు. నా ఉద్యోగం, నా పిల్లలు అన్నీ నీ చేతిలో పెడుతున్నాను.

అత్తయ్యగారికి నా ముఖం ఎలా చూపించను?

తమ్ముడు


పోస్టాఫీసు, అద్దాలు లేని కిటికీ దగ్గర
జూలై 19

తమ్ముడూ,

నీ కాగితం పొయ్యిలో పెట్టలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఊరి ఉత్తరాలు మోస్తున్నాను, ఒక్కటి చింపి ఎరగను. నీది పోలీసుల చేతికి ఇచ్చాను. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది, అందుకే ఇది సబ్‌జైలుకి వేస్తున్నాను. మీ బావ కూడా అక్కడే ఉన్నారట. నన్ను ఇద్దరూ తిట్టుకోండి.

ముందు అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడకి తెలియకుండా ఆవిడ ప్రాణం గురించి నేనెవరు తేల్చడానికి? చివరిదాకా వింది. తరవాత అంది, "నా కొడుకు వెధవ. నీ తమ్ముడు వాడికంటే వెధవ. ఇద్దరినీ లోపల వెయ్యమను. నాకు మంగళవారానికి బస్సు కావాలి." ఆవిడకి చావాలని లేదురా. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, చాలు అని అందరిలా అనదు. ఇంకా కావాలంటుంది. అందుకే ఆవిడంటే నాకిష్టం.

శుక్రవారం మీ బావ ఆవిణ్ణి డయాలసిస్‌కి తీసుకెళ్ళి తెచ్చేదాకా ఆగాను. శనివారం పొద్దున్న తపాలా సంచి తెచ్చే ఆయన మోపెడ్ మీద స్టేషన్‌కి వెళ్ళి మీ ఇద్దరి పేర్లూ, ఆ మిగతా అయిదుగురివీ రాయించాను. కట్టుకున్నవాడి పేరు, తోడబుట్టినవాడి పేరు ఒకే కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

కారు కూడా పోలీసులు తీసుకెళ్ళారు. డిపోకి వెళ్ళి పేర్లు ఇచ్చాం కదా బస్సు ఇవ్వండి అంటే, కాగితాలు పైకి వెళ్ళాలి, ఇరవై ఒకటో తారీఖు సోమవారం నుంచి వస్తుంది అన్నాడు మీ అధికారి. మర్నాడే ఇస్తానన్నవాడు. మధ్యలో రెండు వంతులు ఉన్నాయని చెప్పాను. గోడకి చెప్పినట్టే అయింది.

సోమవారం పోస్టాఫీసు మీద రాళ్ళు పడ్డాయి. లైన్ మేస్త్రి మనుషుల్లో మిగిలినవాళ్ళు. కిటికీలు, గడియారం, త్రాసు, ఏదీ మిగల్లేదు. ఒక రాయి నా పై పెదవికి తగిలి చీరింది. ఉత్తరాలు ఏరుకుంటుంటే ఒకడు లోపలికి వచ్చి నా చేతి వేళ్ళ మీద బూటుతో నిలబడి, మీ అత్తని ఇక ఎవడు తీసుకెళ్తాడో చూస్తాం అన్నాడు. వాణ్ణి పేరు పెట్టి పిలిచాను. చిన్నప్పుడు వాడి బడి చేరిక దరఖాస్తు నేనే నింపాను. వాడు కాలు తీయలేదు.

మంగళవారం ఒక్క కారూ ఎక్కించుకోలేదు. శుక్రవారం పొరుగూరి ఆటో ఆయన జాలిపడి వచ్చాడు. అత్తయ్యని ఎక్కించి కల్వర్టు దాకా వెళ్ళామో లేదో నలుగురు అడ్డం వచ్చారు. ఆటో ఆయన్ని బయటికి లాగి, చేతులు వెనక్కి విరిచి, ముఖాన్ని సైలెన్సర్‌కి ఆనించారు. చర్మం కాలిన వాసన వచ్చింది. మమ్మల్ని ముట్టుకోలేదు. నడిచి వెనక్కి వెళ్ళండి అన్నారు. ఆవిడ పది అడుగులు వేసి ఆయాసంతో కూర్చుండిపోయింది. నా వీపు మీద మోసుకుని వచ్చాను. నీరు పట్టిన ఒళ్ళు ఎంత బరువుంటుందో నీకు తెలియదు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే దగ్గరలో ఏదీ లేదన్నారు.

ఇవాళ శనివారం. ఆవిడ పడుకుంటే ఊపిరాడక దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. సోమవారానికి ఇంకా రెండు రోజులు.

మీ ఇద్దరి మీదా నాకు జాలి లేదు. ఈ ఉత్తరం ఆయనకి కూడా చదివి వినిపించు.

అక్క


సబ్‌జైలు
ఆగస్టు 4

అక్కా,

కబురు తెలిసింది. అంత్యక్రియలకి బావని పంపించడానికి అనుమతి కాగితం వచ్చేసరికి అంతా అయిపోయిందట. కాగితం తెచ్చిన జవాను దాన్ని చూపించి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మమ్మల్ని ఒకే గదిలో వేశారు. వేసిన మొదటి గంటలోనే కొట్టుకున్నాం. బావ నా గొంతు పట్టుకుంటే నేను కట్టున్న చేత్తోనే ముఖం మీద కొట్టాను. మానిన నుదురు మళ్ళీ చీలింది, నా చేతిలో మర ఒకటి కదిలింది. జవాన్లు లాఠీలతో ఇద్దరినీ కలిపి కొట్టారు. నీ ఉత్తరం వచ్చాక చదివి వినిపించాను. పెదవి చీరిన చోట బావ ఆగమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. ఆ తరవాత మేం కొట్టుకోలేదు. మాట్లాడుకోనూ లేదు.

ఆవిడ పోయిన కబురు వచ్చిన రోజు బావ గోడకి నుదురు ఆనించి నిలబడి, మెల్లగా కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను వెనకనుంచి పట్టుకున్నాను. ఒక చేత్తో పట్టుకోవడం కష్టమైంది.

నేను కోర్టులో ఒప్పుకుంటాను. బెత్తెడు తిప్పానని నా నోటితోనే చెబుతాను. ఆవిణ్ణి చంపింది ఎవరని అడిగితే కూడా చెబుతాను. నువ్వు నా ముఖం చూడనన్నా సరే, నా పిల్లల్ని ఒకసారి చూసి రా.

కింద రెండు మాటలు బావ తనే రాస్తానంటున్నాడు. కలం ఇస్తున్నాను.

తమ్ముడు

*నిన్ను ఏమీ అడిగే ముఖం నాకు లేదు. ఒక్కటి చెప్పు. చివర్లో అమ్మ నా గురించి అడిగిందా?*


ఊరి పోస్టాఫీసు
ఆగస్టు 9

తమ్ముడూ,

నీ పిల్లల్ని చూసి వచ్చాను. బాగానే ఉన్నారు. చిన్నది నా పెదవి చూసి భయపడింది. కాసేపటికి అలవాటైంది. వచ్చే నెల మళ్ళీ వెళ్తాను.

బస్సు వేశారు. ఇరవై ఒకటి అన్నది ఇరవై నాలుగో తారీఖున వచ్చింది. డ్రైవరు కొత్తవాడు. కిటికీలకి ఇనుప జాలీ బిగించారు, ముందు సీట్లో పోలీసు కూర్చుంటున్నాడు. విజిలమ్మే కండక్టరు. కార్లు నాలుగు మాత్రమే మిగిలాయి, అవి కూడా బస్సు వెళ్ళాక కదులుతున్నాయి. జనం ఎక్కుతున్నారు. మొన్న ముప్ఫై మంది దాకా ఉన్నారు. నేను ఇంకా ఎక్కలేదు.

ఇక ఆయన అడిగినదానికి. ఆయనకి చదివి వినిపించు, మధ్యలో ఆపకు.

సోమవారం బస్సు వస్తుందని ఆవిణ్ణి ఎనిమిదింటికే స్టేజీ దగ్గరికి తీసుకెళ్ళాను. పదకొండు దాకా చూశాం. రాలేదు. మంగళవారం తన వంతు కాబట్టి వస్తుందని తనే అంది. నడవలేదు, కుర్చీలో కూర్చోబెట్టి తపాలా ఆయనా నేనూ మోసుకెళ్ళాం. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి తీస్తుంటే నీళ్ళ చప్పుడు వస్తోంది. అంబులెన్సు బయలుదేరిందనే చెబుతున్నారు ఫోన్‌లో. సిమెంటు బల్ల మీద నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఎదురుగా కార్లవాళ్ళు నిలబడి చూశారు. మొదట నవ్వుకున్నారు, తరవాత నవ్వలేదు. చివర్లో ఒకడు తాళంచెవి తీసుకుని దగ్గరికి వచ్చాడు. అప్పటికి కదపడానికి లేదు.

లేదు, ఆయన గురించి అడగలేదు. నీ గురించీ అడగలేదు. బస్సు వచ్చిందా అని రెండుసార్లు అడిగింది. మొదటిసారి రాలేదని చెప్పాను. రెండోసారి వచ్చిందన్నాను.

అక్క